అడగకుండా వచ్చిన జార్ ఫైళ్లు

విదేశంలో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నాకు అప్పగించిన జావా వెబ్ అప్లికేషన్‌లో లైబ్రరీలన్నీ (ఇతరులు రాసిపెట్టగా మనం వాడుకునే కోడ్) వెబ్-ఇన్ఫ్ కింద ఉండే లిబ్ ఫోల్డర్‌లో జార్ ఫైళ్లుగా, అంటే జావా కోడ్‌ను కట్టిన మూటలుగా, పడి ఉన్నాయి. చాలావాటి పేరులో వెర్షన్ సంఖ్య లేదు, వాటిని ఎవరు ఎందుకు పెట్టారో చెప్పగలవారు అప్పటికే వెళ్లిపోయారు. సమావేశాల్లో సగం మాటలు నాకింకా అందని ఆ రోజుల్లో, భాష తడబడుతుందన్న భయంతో ఆ ఫోల్డర్ సంగతి నేను ఎవరినీ అడగలేదు. అడగవలసిందని 2021 డిసెంబరులో తెలిసింది.

ఆ నెల, అప్లికేషన్‌లో జరిగేవాటిని లాగ్‌లో నమోదు చేసే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో బయటపడిన లోపం వల్ల, లాగ్‌లో నమోదయ్యే వాక్యంలో ఒక ప్రత్యేక పదబంధాన్ని చేర్చి పంపితే బయటివారు మన సర్వర్‌లో తమ కోడ్‌ను నడపగలిగేవారు. దాన్ని సరిదిద్దడానికి 2.15.0 వెర్షన్ వచ్చిన కొద్ది రోజులకే 2.16.0, ఆ వెంటనే 2.17.0 విడుదల చేయవలసి వచ్చింది. మా అప్లికేషన్‌లో ఆ లైబ్రరీ ఉందా అని మేనేజరు అడిగితే మా బృందంలో ఒక్కరమూ జవాబు చెప్పలేకపోయాం. ఒక్కొక్క జార్‌నూ విప్పి చూడగా ఒక ప్రతి లిబ్ ఫోల్డర్‌లోనే కనిపించింది. మరొకటి, నివేదికలు తయారుచేసే వేరొక లైబ్రరీ జార్ లోపలే చుట్టి ఉంది.

ఆ తరువాత ప్రాజెక్టును, కావలసిన లైబ్రరీలను తానే తెచ్చి కూర్చే మావెన్‌కు మార్చే పని నేనే కోరి తీసుకున్నాను. మావెన్ చదివే పోమ్ ఫైలులో మనం రాసేది కొన్ని లైబ్రరీల పేర్లే అయినా, ఒక్కొక్కటీ తనకు కావలసినవాటిని వెంట తెచ్చుకుంటుంది. ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు ఎదురైతే మావెన్ ఎక్కువ వెర్షన్‌ను కాక, డిపెండెన్సీ వృక్షంలో (ఏ లైబ్రరీ దేన్ని వెంట తెచ్చిందో చూపే పటంలో) మన ప్రాజెక్టుకు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది; దూరం సమానమైతే పోమ్‌లో ముందు రాసినదే నిలుస్తుంది. అంటే రెండు వరుసలను అటూ ఇటూ మార్చినంత మాత్రాన అప్లికేషన్‌లో నడిచే కోడ్ మారిపోవచ్చు. మాకు సరిగ్గా అదే జరిగింది: కంపైల్ సవ్యంగా పూర్తయింది, సర్వర్‌లో మాత్రం, పిలిచిన మెథడ్ లేదని చెప్పే నో సచ్ మెథడ్ ఎర్రర్ వచ్చింది.

ఆ వృక్షాన్ని చూపే డిపెండెన్సీ ట్రీ ఆదేశం ఇచ్చిన ఫలితాన్ని కాగితాల మీద అచ్చు తీసి సమావేశానికి పట్టుకెళ్లాను. నాలుగు దేశాల నుంచి వచ్చిన మేమందరం ఒకే వరుస మీద వేలు పెట్టి మాట్లాడుకున్న ఆ గంటలో, నా మాట మధ్యలో ఆగినా ఎవరికీ విషయం ఆగలేదు. అక్కడ నేను నిస్సంకోచంగా వాదించిన మొదటి రోజు అదే. వెర్షన్లన్నిటినీ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ విభాగంలో ఒకేచోట నిర్ణయించాలనీ, వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే కోడ్ ఆధారపడే సర్వ్‌లెట్ ఏపీఐ సర్వర్‌లోనే ఉంటుంది కనుక దానికి ప్రొవైడెడ్ (సర్వరే ఇస్తుంది) అని రాయాలనీ, వెంట వచ్చే లైబ్రరీని వద్దనే ఎక్స్‌క్లూజన్ పెట్టిన ప్రతిచోటా కారణం వ్యాఖ్యగా ఉండాలనీ కోరాను. చివరిది నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే కారణం రాయని ఎక్స్‌క్లూజన్‌ను తరువాత వచ్చినవారు ముట్టుకోవడానికి జంకుతారు.

ఇప్పుడు మా ముందున్నది మా అప్లికేషన్‌ను నడిపే సర్వర్, టామ్‌క్యాట్‌లో వెర్షన్ 10. అందులో సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లు జావాక్స్ నుంచి జకార్తాకు మారాయి. మా కోడ్‌లో పేర్లు మార్చడం ఒక పూట పని. కానీ ఆ నివేదికల లైబ్రరీ ఇంకా పాత పేర్లనే పిలుస్తోంది. దానికి బదులు ఏది వాడాలో తేలేవరకు మేము టామ్‌క్యాట్ 9 మీదే ఉంటాం, ఆ సంగతిని పోమ్‌లో ఆ లైబ్రరీ పేరు పక్కనే రాసి ఉంచాను.