నాయన క్యాలెండరు, దక్షిణ ధ్రువం అంకెలు

కేంబ్రిడ్జ్‌లో నేను చేసే పని మా నాయనకు నాలుగేళ్లయినా మింగుడుపడలేదు. "ఆడెవురో మంచులో రాసిన అంకెల్ని నువ్వు మళ్లా రాసేదానికి జీతమిస్తారా? ఆకాశం కొలిచేదైతే మన గాదంకిలోనే రాడారుంది కదరా!" అంటాడు. ధ్రువాల నుంచి వచ్చిన పాత కొలతల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరు, ఎప్పుడు, ఏ పరికరంతో తీశారో పక్కన రాయడమే నా ఉద్యోగం.

ఇక్కడ "సౌత్‌కి పోయొచ్చావా?" అంటే అంటార్కిటికాకని. చిత్తూరోడికి దక్షిణమంటే వేలూరు, అది దాటితే యముడు. పోయొచ్చినవాళ్లకు టీ బల్ల దగ్గర ఉండే మర్యాదే వేరు. నాలాంటి కుర్చీ ఉద్యోగి వినాల్సిందే.

కానీ మాకూ ఒక కథ ఉంది. 1977లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే అనే ధ్రువ పరిశోధన సంస్థలో చేరిన జొనాథన్ షాంక్లిన్‌కు అప్పగించింది, అంటార్కిటికాలోని హాలీ స్థావరం నుంచి వచ్చి పేరుకుపోయిన చేతిరాత ఓజోన్ కొలతల కాగితాలను కంప్యూటర్‌కెక్కించే పని. ఎండలోని హానికర కిరణాలను అడ్డుకునే ఆ ఓజోన్ ఏటా అక్టోబరులో పడిపోతోందని ఆ గుట్టలోంచే తేలింది. ఫార్మన్, గార్డినర్‌తో కలిసి, అంటే తోటి శాస్త్రవేత్తలిద్దరితో, 1985 మేలో ప్రకటించారు. ఓజోన్‌ను తినేసే రసాయనాలను ఆపడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. అమెరికా ఉపగ్రహానికీ ఆ తగ్గుదల కనబడింది గానీ, ఇంత తక్కువా అని సాఫ్ట్‌వేర్ అనుమానం గుర్తు పెట్టింది.

అంటార్కిటికా ఫలితాలను వీలైనంతవరకు అందరికీ ఉచితంగా ఇవ్వాలని 1959 అంటార్కిటికా ఒప్పందం మూడో అధికరణం. ఉచితమంటే మన పెళ్లి చదివింపుల లాంటి ఉచితం. పుస్తకంలో పేరెక్కాల్సిందే. నెలల తరబడి చీకట్లో ఒకడు తీసిన కొలతను పేరు చెప్పకుండా వాడుకుంటే, అయిదొందలు చదివించిన మేనమామను మర్చిపోయినంత రభస.

మొన్న సంక్రాంతికి పాకాల దగ్గరి మా ఊరికి పోయినా. నాయన బావి నీళ్ల లెక్క క్యాలెండరు కాగితాల వెనక రాస్తాడు. "మూడు మట్లు". "మోటరు కాలింది".

"మట్టంటే ఎవరి నిలువు నాయనా?"

"మీ తాతది. నాకన్నా జానెడు పొడుగు."

గబగబా రాసుకున్నా. పాత క్యాలెండర్లేవంటే, అమ్మ వంటింటి అరల్లో పరిచేసిందట. పప్పు డబ్బాలు దించుతుంటే ఒకటే తిట్లు. 2021 నవంబరు వానల కాగితం దొరికింది గానీ, అంకె మీద నూనె మరక. పక్కన "గట్టు దాటె" అన్నది మాత్రం కనబడుతోంది.