ఏ బాధా లేనప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష

సర్వైకల్ క్యాన్సర్‌కి టీకా ఉందని, పరీక్ష ఉందని ఎక్కడో ఒకచోట వినే ఉంటాం. కానీ "మరి నువ్వు పరీక్ష చేయించుకున్నావా?" అని అడిగి చూడండి, ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "నాకేం లేదు కదా, ఎందుకూ?" ఆ మాట వింటే నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ పరీక్ష ఉన్నదే ఏమీ లేనివాళ్ల కోసం.

గర్భాశయ ముఖద్వారానికి వచ్చే ఈ క్యాన్సర్‌కి దాదాపు ప్రతిసారీ కారణం కలయిక ద్వారా సోకే హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంబంధాన్ని కనిపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వైరస్ సోకినంత మాత్రాన క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. పోకుండా ఉండిపోయినవాళ్లలో కొందరికి అక్కడి కణాలు మెల్లగా మారతాయి, అవి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది (హెచ్ఐవీ ఉన్నవాళ్లకి అంత టైమ్ ఉండదు, వాళ్లు ఇంకా ముందే, ఇంకా తరచుగా చూపించుకోవాలి). అన్నేళ్లూ నొప్పి ఉండదు, నెలసరిలో తేడా రాదు. కలయిక తర్వాత రక్తం కనపడటం, నెలసరి ఆగిపోయిన ఎన్నాళ్లకో మళ్లీ రక్తం రావడం, వాసనతో తెల్లబట్ట, ఇవన్నీ మొదలయ్యేసరికి చాలాసార్లు జబ్బు ముదిరే ఉంటుంది. ఇంత వ్యవధి ఇచ్చే జబ్బుకి 2022లో ప్రపంచం మొత్తమ్మీద సుమారు 3,50,000 మంది ఆడవాళ్లు చనిపోయారంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది?

పరీక్ష అంటే సిగ్గు, భయం ఉంటాయి, కాదనను. అందుకే లోపల ఏం జరుగుతుందో ముందే చెప్పాలంటాను. మోకాళ్లు మడిచి పడుకోమంటారు, నడుం మీంచి దుప్పటి కప్పుతారు, స్పెక్యులం అనే చిన్న పరికరం పెట్టి ముఖద్వారం కనపడేలా చేసి మెత్తటి బ్రష్‌తో కొన్ని కణాలు తీసుకుంటారు. కొంచెం ఇబ్బందిగా, ఒత్తినట్టు ఉంటుంది, బిగుసుకోకుండా ఊపిరి మెల్లగా వదిలితే తేలిక. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. కొన్నిచోట్ల ఎసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో ఉండేదే) పలచగా పూసి కాసేపు ఆగి చూస్తారు, మారిన కణాలున్న చోటు తెల్లబడుతుంది. వైరస్ ఉందా అని చూసే హెచ్‌పీవీ పరీక్షకైతే శాంపిల్ మనమే తీసుకుని ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. సిగ్గుతో ఆగిపోయినవాళ్లకి ఇంతకన్నా మంచి దారి లేదు, అడగండి.

అసలు చిక్కు రిపోర్ట్ వచ్చాక మొదలవుతుంది. మా పిన్నికి హెచ్‌పీవీ పాజిటివ్ అని వస్తే ఆ కాగితం బీరువాలో బట్టల కింద దాచేసి నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. క్యాన్సర్ వచ్చేసిందనుకుంది, దానికి తోడు బాబాయి మీద అనుమానం. ఈ వైరస్ ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో ఆ కాగితం చెప్పలేదు. ఇది ఎవరి నడత మీదా తీర్పు కాదు. పాజిటివ్ అంటే క్యాన్సరూ కాదు, ఇంకో పరీక్ష చేసి చూడాలని మాత్రమే. కణాలు మారాయని తేలినా, క్యాన్సర్ కాకముందే అయితే ఆ కాస్త భాగాన్నే వేడితోనో చల్లదనంతోనో తీసేస్తారు. చాలామందికి గర్భసంచి తీయాల్సిన అవసరమే రాదు. పిన్నికి చివరికి కణాలు మామూలుగానే ఉన్నాయని తేలింది, కానీ ఆ నెలల టెన్షన్ ఎవరు తిరిగిస్తారు?

ఇక టీకా. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించమంటే "ఇంత చిన్నపిల్లకి ఇప్పుడేంటి" అంటారు. ఇప్పుడే వేయించాలి. వైరస్ సోకకముందు వేస్తేనే పూర్తి ఫలితం, సోకిన వైరస్‌ని టీకా తరిమేయలేదు. టీకా వేస్తే పిల్లలు పుట్టరన్న మాట వట్టి పుకారు. ఆ వయసులో ఒకటి లేదా రెండు డోసులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్లప్పుడు టీకా వేయించుకున్న అమ్మాయిలు పెద్దవాళ్లయ్యాక చూస్తే, వాళ్లలో ఒక్కరికీ లోపలికి పాకిన సర్వైకల్ క్యాన్సర్ కనపడలేదని 2024లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

అయితే ఈ టీకాలు హెచ్‌పీవీ రకాలన్నిటినీ ఆపలేవు, అందుకే వేయించుకున్నవాళ్లు కూడా పెద్దయ్యాక పరీక్షకి వెళ్లాలి. మామూలుగా 30 ఏళ్ల నుంచి, హెచ్‌పీవీ పరీక్షైతే 5 నుంచి 10 ఏళ్లకోసారి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా, కొన్ని దేశాల్లో ఇంకా ముందే మొదలుపెడతారు. "పిల్లలు పుట్టేశారు, ఆ వయసు దాటిపోయింది, ఇక నాకెందుకు" అనుకునే అమ్మలూ, ఈ మాట మీకే. పాపకి టీకా వేయించడానికి వెళ్లినరోజే మీ పరీక్ష ఎప్పుడు చేస్తారో కూడా అడిగి రండి. నెలసరి లేని రోజు చూసుకోండి, రిపోర్ట్ ఎప్పుడిస్తారో రాయించుకోండి, ఆ రోజు వెళ్లి తెచ్చుకోండి.