పచ్చళ్ల కొట్టుకు తెలుగులో వెబ్‌సైట్: నా అనుభవం

మా ఏజెన్సీకి తెలుగు సైట్ల పని వచ్చేదే తక్కువ. వచ్చినా అందరూ ఒకటే మాట చెబుతారు: ముందు ఇంగ్లీషులో చేసేయండి, తెలుగు సంగతి తర్వాత చూద్దాం. చిక్కడపల్లిలో పచ్చళ్లు, పిండివంటలు అమ్మే ఒక ఆంటీ మాత్రం మా అమీర్‌పేట ఆఫీసుకు వచ్చి, "నా దగ్గర కొనేవాళ్లు తెలుగు చదివేవాళ్లమ్మా, ముందు వాళ్లకు అర్థం కావాలి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తెలుగు సైటు చేయాలంటే మొదటి గీత గీయకముందే తెలుగు మేటరు చేతిలో ఉండాలని ఆఫీసులో ఎప్పట్నుంచో పోరుతున్నాను. ఇంగ్లీషు కొలతలకు కుట్టిన చొక్కాను తెలుగుకు తొడిగితే చంకల దగ్గర పట్టేస్తుంది.

ఆంటీ వాళ్లబ్బాయి పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు తెచ్చాడు. డబ్బాల లేబుళ్లు, పండగలకు పంచిన పాంప్లెట్లు, ధరల పట్టిక. అన్నీ ప్రెస్సులో డీటీపీ ఆపరేటరు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టినవే. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. అను ఫాంటులో తెర మీద తెలుగు అక్షరం కనిపించినా, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన నంబర్లు. ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తగిలిస్తుంది, అంతే. ప్రింటుకు అది చాలు. సైట్లో అతికిస్తే మాత్రం పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. గూగుల్లో "మాగాయ" అని వెతికేవాళ్లకు ఆ పేజీ ఎప్పటికీ దొరకదు. ప్రతి భాష అక్షరాలకూ వాటి సొంత నంబర్లు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే చోటుంది. ప్రెస్సుల్లో మాత్రం ఇప్పటికీ అనూదే రాజ్యం.

మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి. కానీ అను వెర్షన్ మారితే నంబర్లు మారతాయి. పైగా వరుస తారుమారవుతుంది. "ఉప్పు" అన్న పదానికి యూనికోడ్ వరుస ఇదీ: ఉ, ప, పొల్లు, మళ్లీ ప, చివర కొమ్ము. పాత ఫాంట్లలో కొమ్ము ముందు పడి, ఒత్తు తర్వాత రావచ్చు. కన్వర్టరు దాన్ని సర్దకపోతే "ఉపు్ప" అని తేలుతుంది. నెట్‌లో ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. ఒకరు పాత పాంప్లెట్ చూసి పైకి చదువుతుంటే ఇంకొకరు తెర మీద సరిచూస్తూ పదం పదం ప్రూఫ్ దిద్దాం. ఈ పనికి ఎంత సమయం పడుతుందో తెలుసు కాబట్టే కొటేషన్‌లో "తెలుగు మేటరు మార్పిడి, ప్రూఫ్" అని విడిగా ఒక లైను వేశాను. ఏజెన్సీల్లో పనిచేసేవాళ్లు దీన్ని దయచేసి ఉచితంగా చేయకండి. ఉచితమైతే ఎవరూ శ్రద్ధగా చేయరు.

ఫాంటు దగ్గర పెద్దగా ఆలస్యం కాలేదు. అమెరికా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర వాళ్లు అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో మండలి నాకు చాలా ఇష్టం, చదవడానికి హాయిగా ఉంటుంది. అయితే అందులో ఒకే మందం ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజరే అక్షరాలను బలవంతంగా లావు చేస్తుంది, ఒత్తుల మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. ధరలు, శీర్షికలు, బటన్లు అన్నింటికీ వేర్వేరు మందాలు కావాలి కాబట్టి అయిదు మందాల్లో దొరికే హింద్ గుంటూరు తీసుకున్నాం. ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల మీద పెద్దక్షరాలకు రామభద్ర.

మా డిజైనర్ కుర్రాడికి పరీక్షగా ఒకే పదం ఇచ్చాను: "రాష్ట్రం". చిరునామా ఫారంలో ఎలాగూ వస్తుంది. ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు. ఇంగ్లీషు సైట్ల అలవాటు కొద్దీ అతను లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకు 1.2 రెట్లు ఇచ్చి, గడి ఎత్తును బిగించేశాడు. అతని ల్యాప్‌టాప్‌లో ఫర్వాలేదనిపించింది. ఆంటీ వాడే చవక ఆండ్రాయిడ్ ఫోన్లో తెరిస్తే ఒత్తుల అడుగు భాగం తెగిపోయింది. రెండు వరుసలున్న చోట పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతోంది. లైన్ హైట్ 1.7కు పెంచి, గడుల ఎత్తు అక్షరాన్ని బట్టి పెరిగేలా వదిలేశాం. "అక్కా, ఖాళీ ఎక్కువైనట్టు లేదూ?" అన్నాడు. ఆంటీ ఫోన్ అతని చేతిలో పెట్టి చదవమన్నాను. ఆ తర్వాత ప్రతి పేజీలోనూ తనే "రాష్ట్రం" కొట్టి చూసుకున్నాడు.

తర్వాతది కంటికి కనపడని చిక్కు. "హైదరాబాద్‌లో" అని రాసినప్పుడు ద్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది. అది పోతే ల ఒత్తై కిందకు దిగి "హైదరాబాద్లో" అవుతుంది. పేజీలో సరిగ్గా కొట్టిన పదం సేవ్ చేయగానే పాడవుతోంది. చెత్త అక్షరాలు రాకుండా అడ్మిన్‌లో పెట్టిన ఫిల్టరు ఈ గుర్తును కూడా ఊడ్చేస్తోందని తేలింది. డెవలపర్ ఆ ఒక్క గుర్తుకు మినహాయింపు ఇచ్చాడు. "కార్ట్‌లో వేయండి" బటన్ కూడా దాంతోనే బాగుపడింది.

రంగుల గురించి ఒక్క మాట. లేబుళ్ల మీద పసుపు రంగుపై తెల్ల అక్షరాలున్నాయి, సైట్లోనూ అవే కావాలన్నారు. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5 రెట్లు ఉండాలి. పసుపు మీద తెలుపు దాని దరిదాపుల్లోకి రాదు. ముదురు గోధుమ రంగు అక్షరాలు చూపిస్తే ఆంటీ వెంటనే ఒప్పుకున్నారు.

గొడవ పడాల్సి వచ్చింది వాళ్ల తరఫున మార్కెటింగ్ చూసే అబ్బాయితో. ప్రతి పచ్చడి పక్కన "ఇంకా 2 డబ్బాలే ఉన్నాయి" అని రాయాలట, గడియారం వెనక్కి తిరుగుతూ ఉండాలట, కార్ట్‌లో గిఫ్ట్ ప్యాకింగ్‌కు ముందే టిక్ పెట్టేయాలట. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న, కొనేవాళ్లను మభ్యపెట్టే డిజైన్ ఎత్తులైన డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాలున్నాయి. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువు బుట్టలో వేయడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా చూపించినా "అందరూ చేస్తున్నారు మేడమ్" అన్నాడు. ఆంటీ కల్పించుకుని, "ఉన్న సరుకు లేదని చెప్పి అమ్మడమేంటి నాయనా, నా పేరుండే డబ్బా అది" అన్నారు. అక్కడితో ఆ చర్చ ముగిసింది. ఆవకాయ ఎండాకాలంలో ఒకసారే పెడతారు, జాడీలు ఖాళీ అయితే మళ్లీ ఏడాది ఆగాలి. ఆ నిజాన్నే రాశాం. సరుకు అయిపోయినప్పుడు పేజీ అదే చెబుతుంది.

రీల్స్ మేం కొట్టు వెనకే తీశాం. మామిడికాయ ముక్కలు తుడవడం, ఆవపిండి కలపడం, నూనె పోయడం. నిలువు వీడియోలో కింది భాగాన్ని వివరణ, కుడి పక్కను గుర్తులు కమ్మేస్తాయి, అందుకే తెలుగు అక్షరాలను మధ్యకు తెచ్చాం. బొమ్మ మీదున్న అక్షరాలు చూపు లేనివారి ఫోన్‌ చదవలేదు కాబట్టి ప్రతి పోస్టుకూ ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫోన్ పైకి చదివి వినిపించే బొమ్మ వివరణ, తెలుగులో రాశాం.

ఆర్డర్ మెసేజీల దగ్గర ఇంకో లెక్క. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకు 160 అక్షరాలు దొరికితే తెలుగుకు 70 మాత్రమే. పైగా పొల్లు, గుడి లాంటివి కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి "లక్ష్మి" అన్న రెండక్షరాల పేరు అక్కడ ఏడు. దాటితే రెండు మెసేజీల డబ్బు. "మీ ఆర్డర్ పంపాం. రేపు అందుతుంది." అన్నంత క్లుప్తంగా, కొట్టు పేరుతో కలిపి 70 లోపు కుదించి, వ్యాపార మెసేజీలను ముందే నమోదు చేయాల్సిన డీఎల్‌టీలో టెంప్లేట్ నమోదు చేయించాం.

సైటు తెరిచాక మేం అనుకోనిది ఒకటి జరిగింది. "సూచనలు" గడిలో జనం తెలుగులో ధారాళంగా రాయసాగారు: మాకు కారం తగ్గించండి, వెల్లుల్లి లేనిది పంపండి, నాన్నగారికి బీపీ, ఉప్పు చూసి వేయండి. ఇవి ప్యాకింగ్ స్లిప్పు మీద ప్రశ్న గుర్తులుగా వచ్చాయి, థర్మల్ ప్రింటరులో తెలుగు అక్షరాలే లేవు. స్లిప్పు మొత్తాన్ని బొమ్మగా మార్చి ప్రింటరుకు పంపేలా డెవలపర్ రాశాడు. ఇప్పుడు ప్యాకింగ్ చేసే అమ్మాయిలు ఆఫీసు గదికి వచ్చి అడగాల్సిన పని లేకుండా స్లిప్పు చదువుకునే డబ్బాలు కడుతున్నారు.