జేజి చూపించిన గడప

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లు రాగానే నాన్న నన్ను భుజాన వేసుకొని పక్కింటివాళ్ల మిద్దె మీదికి చేర్చాడు. ఆ రాత్రి, మరుసటి పగలు ఇరవైమందిమి ఆ మిద్దె మీదే బొరుగులు పంచుకొని తిన్నాము. వరద తీశాక ఇంటినిండా ఒండ్రు మిగిలింది. నాన్న బట్టల అంగట్లో ఒక్క తాను కూడా అమ్మకానికి పనికిరాలేదు.

"చిన్నపిల్ల, నాలుగు రోజులైతే మరిచిపోతుందిలే" అని చూడవచ్చిన బంధువులందరూ అన్నారు. పెద్దలు పిల్లల గురించి అనే మాటల్లో ఇంత నష్టం చేసేది మరొకటి లేదని నేను నమ్ముతాను. నేను మరిచిపోలేదు. మబ్బు పట్టిందంటే కడుపులో మెలిపెట్టేది, నోటికి వచ్చిన ఎక్కాలు కూడా తప్పేవి. బడిలో ఒక పంతులుగారు నన్ను మొద్దు అని వెనుక బెంచీలో కూర్చోబెట్టారు.

అది మొద్దుతనం కాదని సైకాలజీ చదివినప్పుడు గానీ తెలియలేదు. ఆపద ఎదురైనప్పుడు మెదడులోని అమిగ్డలా హెచ్చరిస్తే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలై, పారిపోవడానికో ఎదిరించడానికో ఒళ్లంతా సిద్ధమవుతుంది. ఆపద తీరగానే ఈ ఉద్రేకం చల్లారాలి. ఎదిగే వయసులో అది నెలల తరబడి చల్లారకుండా ఉంటే జ్ఞాపకాన్ని నిలిపే హిప్పోక్యాంపస్ మీద, నిదానించి ఆలోచింపజేసే నుదుటి వెనుక ఉండే మెదడు భాగం మీద దాని ప్రభావం పడుతుంది. ఎప్పుడూ ప్రమాదానికి కాపలా కాసే బుర్రకు పాఠం వినే తీరిక ఉండదు.

అయితే నాలో ఆ ఉద్రేకాన్ని చల్లారనివ్వనిది వరద ఒక్కటే కాదు. అమెరికాలోని శాన్ డియేగోలో 1995 నుంచి 1997 వరకు 17 వేలమందికి పైగా పెద్దలను వారి బాల్యం గురించి అడిగిన అధ్యయనం ఒకటుంది. కొట్టడం, అవమానించడం, ఇంట్లో తాగుడు, తల్లిని హింసించడం వంటి అనుభవాలు నాలుగు రకాలో అంతకు మించో ఉన్నవారిలో కుంగుబాటు, గుండెజబ్బు, తాగుడు వ్యసనం గణనీయంగా ఎక్కువని అందులో తేలింది. ఆ జాబితాలో వరద లేదు. కానీ వరద వెంట మా ఇంట్లోకి అప్పు, నాన్న తాగుడు, అర్ధరాత్రి గొడవలు వచ్చాయి. వీటిలో తాగుడు ఆ జాబితాలో ఉన్నదే. నీళ్లు రెండు రోజుల్లో పోయాయి, ఇవి మూడేళ్లు ఉన్నాయి. నష్టపరిహారం లెక్కలు రాసుకోవడానికి వచ్చినవాళ్లలో ఎవరూ పిల్లలు రాత్రిళ్లు నిద్రపోతున్నారా అని అడగలేదు. ఇప్పటికీ నాకు కష్టంగా తోచేది ఇదే.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను సైకాలజిస్టులు ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల జబ్బులు చుట్టుముట్టిన పిల్లల్లో కూడా మూడింట ఒక వంతు మంది పెరిగి సమర్థులుగా, ప్రేమగలవారుగా నిలబడ్డారు. వారికి తోడ్పడిన వాటిలో ముఖ్యమైనది, తమను విడిచిపెట్టని పెద్ద మనిషి కనీసం ఒకరు, తరచుగా ఏ అవ్వో తాతో, ఉండడం. మనం గుండెదిటవు అని మెచ్చుకునేది చాలావరకు ఇలా ఒకరి చేయి పట్టుకొని సంపాదించుకున్నదే.

నాకు ఆ మనిషి మా జేజి. వాన మొదలై నేను ఉలిక్కిపడి లేస్తే ఆమె "ఏం కాదు, పండుకో" అనేది కాదు. లేచి, లాంతరు వెలిగించి, నా చేయి పట్టుకొని వీధి వాకిలి దాకా తీసుకెళ్లేది. "చూడు, గడప కాడికి రాలేదు" అని చూపించి, నేను సరే అన్న తర్వాతే తలుపు మూసేది. ఒక్కో రాత్రి మూడుసార్లు కూడా లేచింది, ఒక్కసారి విసుక్కోలేదు. నా భయాన్ని భయంగానే ఒప్పుకొని, దానికి కళ్లారా సాక్ష్యం చూపించిన ఆ పని వల్ల రెండు వానాకాలాలు గడిచేసరికి నేను వానలో నిద్రపోగలిగాను.

డిగ్రీలో ఉన్నప్పుడు, నీకు అంత ధైర్యం ఎక్కడిదని ఆమెను అడిగాను. ఒత్తులు చేసుకుంటున్న చేయి ఆపి, "ధైర్యమెక్కడిదమ్మా, నువ్వు లేయకపోయినా నేను పోయి చూసుకొని వచ్చేదాన్నే" అంది.