రాగి ఉత్ప్రేరకాలు: తయారీ పద్ధతులను నేను చదివిన తీరు

ఉత్ప్రేరణం పేపరుకు సిద్ధమవుతున్న మిత్రులారా, ఈ అధ్యాయాన్ని పట్టికలా బట్టీ పట్టకండి. ప్రశ్న కాస్త మెలిక తిరిగితే పట్టిక అక్కరకు రాదు. నేను ప్రతి పద్ధతి దగ్గరా ఒకటే అడుగుతూ చదివాను: ద్రావణంలోని రాగి అయాను ఏ దశలో, దేనివల్ల సపోర్టును (లోహాన్ని మోసే సిలికా లాంటి ఆధార పదార్థాన్ని) అంటిపెట్టుకుంటుంది?

ఇంప్రెగ్నేషన్‌లో కాపర్ నైట్రేట్ ద్రావణం సిలికా రంధ్రాల్లోకి ఇంకుతుంది గానీ, ఉపరితలంతో గట్టి బంధం ఏర్పడదు. ఆరబెట్టేటప్పుడు నీటితోపాటు లవణమూ కదిలి ఒకచోట పోగుపడుతుంది. కాల్సినేషన్ (గాలిలో బాగా వేడిచేయడం) అయ్యేసరికి పెద్ద ఆక్సైడ్ స్ఫటికాలు తయారవుతాయి. అదే సిలికాపై అమోనియా బాష్పీభవన పద్ధతి చూడండి. క్షార ద్రావణంలో సిలికా ఉపరితలానిది ఋణావేశం, రాగి అమీన్ అయానుది ధనావేశం, రెండూ ఆకర్షించుకుంటాయి. వేడికి అమోనియా పోయేకొద్దీ పీహెచ్ తగ్గి, కాపర్ ఫిల్లోసిలికేట్ (పొరలు పొరలుగా ఉండే రాగి సిలికేట్) ఏర్పడుతుంది. దాన్ని హైడ్రోజన్‌తో క్షయకరిస్తే సన్నని లోహ కణాలు వస్తాయి, కొంత రాగి +1 స్థితిలోనే నిలుస్తుంది. ఎస్టర్ల హైడ్రోజనీకరణలో ఈ రెండు రూపాలూ కలిసి పనిచేస్తాయన్నది బలమైన వాదన. నాకు అధ్యాయమంతటిలో అందమైన భాగం ఇదే.

మిథనాల్ తయారీకి వాడే రాగి-జింక్ ఆక్సైడ్-అల్యూమినా ఉత్ప్రేరకాన్ని సహావక్షేపణంతో (లోహ లవణాలన్నిటినీ ద్రావణం నుంచి ఒకేసారి అవక్షేపంగా దించి) చేస్తారు. ఇక్కడ ఏజింగ్ దశను వదలకండి. మొదట పడే నీలి అవక్షేపం తల్లి ద్రావణంలోనే నిలవ ఉంటే ఆకుపచ్చకు తిరుగుతూ మాలకైట్‌గా (క్షార రాగి కార్బనేట్‌గా) మారుతుంది. కొంత జింక్ ఆ స్ఫటికంలోకి చేరుతుంది. తర్వాత రాగి, జింక్ ఆక్సైడ్ ఎంత దగ్గరగా కలిసి ఉంటాయో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. సోడియం పోయేదాకా కడగాలి.

సింటరింగ్‌కు (వేడికి చిన్న కణాలు కలిసిపోయి పెద్దవవడానికి) ఒక లెక్క చాలు. రాగి 1358 కెల్విన్ల దగ్గర కరుగుతుంది. అందులో సగం, అంటే దాదాపు 406 డిగ్రీల సెల్సియస్, టామన్ ఉష్ణోగ్రత; ఘనంలోని పరమాణువులు చెప్పుకోదగ్గంతగా కదలడం మొదలయ్యేది ఇక్కడే. ఈ ఉత్ప్రేరకాలను సాధారణంగా 300 డిగ్రీలు దాటనివ్వకపోవడానికి కారణం అర్థమవుతుంది. క్లోరైడ్ మిగిలితే కణాలు ఇంకా త్వరగా పెరుగుతాయి, అందుకే నైట్రేట్‌కే మొగ్గు.

టీపీఆర్ (ఉష్ణోగ్రత పెంచుతూ హైడ్రోజన్‌తో క్షయకరించే పరీక్ష) గ్రాఫులు ఇస్తే, తక్కువ ఉష్ణోగ్రత శిఖరం సాధారణంగా బాగా విస్తరించిన కాపర్ ఆక్సైడ్‌ది, ఎక్కువ ఉష్ణోగ్రతది పెద్ద స్ఫటికాలది. డిస్పర్షన్ (మొత్తం రాగిలో ఉపరితలాన ఉన్న వాటా) లెక్కల్లో మాత్రం ఆగి చూడండి: ఒక్కో నైట్రస్ ఆక్సైడ్ అణువు రెండేసి ఉపరితల రాగి పరమాణువులను ఆక్సీకరిస్తుంది. ఆ రెండును మరిచితే జవాబు సరిగ్గా సగమే వస్తుంది. ఆప్షన్లలో ఆ సగం కూడా ఉండవచ్చు.