బ్రాండ్ మేనేజర్ ఇంటర్వ్యూలో కిరాణా కొట్టు లెక్క

బ్రిటానియా, హిమాలయ, విప్రో కన్స్యూమర్ కేర్, ఐటీసీ ఆహార విభాగం అన్నీ బెంగళూరులోనే ఉన్నాయి. దాంతో మారతహళ్లి పీజీల్లో బ్రాండ్ మేనేజర్ ఇంటర్వ్యూలకు తయారయ్యే తెలుగు పిల్లలకు కొదవ లేదు. నచ్చిన యాడ్ గురించి చెప్పమంటే గంటసేపు చెప్తారు. పది రూపాయల ప్యాకెట్ మీద కంపెనీ చేతికి ఎంతొస్తుందని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. ఎమ్మార్పీ 10 రూపాయలు. కొట్టతనికి మార్జిన్ (లాభం) 10 శాతం, డిస్ట్రిబ్యూటర్‌కి 5 శాతం, జీఎస్టీ 5 శాతం అనుకుందాం. చాలామంది మొత్తం 20 శాతం తీసేసి 8 రూపాయలంటారు. మార్జిన్‌ని ఎవరికి వాళ్లు కొన్న ధర మీద వేసుకుంటే భాగించుకుంటూ దిగాలి. 10ని 1.10తో భాగిస్తే 9.09, దాన్ని 1.05తో భాగిస్తే 8.66, పన్ను కోసం ఇంకోసారి 1.05తో భాగిస్తే 8.25. పావలా తేడాయే కదా అనిపిస్తుంది. కోటి ప్యాకెట్లకి అది 25 లక్షలు. అసలు మార్జిన్ కొన్న ధర మీదా, అమ్మిన ధర మీదా అని ముందే అడిగితే ఇంకా మంచిది.

2025 సెప్టెంబర్ 22న షాంపూ, స్నానపు సబ్బు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. పాత రేటుతో ఇదే ప్యాకెట్‌కి 7.34 వచ్చేది. తగ్గిన పన్నుని ధరలో ఇస్తారా, గ్రాముల్లో ఇస్తారా అని తర్వాతి ప్రశ్న పడొచ్చు. పది రూపాయల ప్యాకెట్‌ని 9 చేస్తే కొట్టు దగ్గర చిల్లర గొడవ. కాబట్టి చిన్న ప్యాకెట్‌లో గ్రాములు పెంచి, పెద్దదానికి ధర తగ్గించడం మేలు.

"మీ ప్రాంతంలో మా షాంపూ అమ్మకం 12 శాతం పడింది, ఏం చేస్తారు?" అంటే యాడ్ మార్చేస్తామని ఎగబడొద్దు. పడింది ప్రైమరీనా, సెకండరీనా? కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లేది ప్రైమరీ, అక్కణ్నుంచి కొట్లకు వెళ్లేది సెకండరీ. సెకండరీ నిలకడగా ఉండి ప్రైమరీ ఒక్కటే పడితే గోడౌన్లో పాత సరుకు కరుగుతోందన్నమాట. జనం వాడకం తగ్గిందని దాన్నిబట్టి చెప్పలేం. రెండూ పడితే డిస్ట్రిబ్యూషన్, అంటే సరుకు ఎన్ని కొట్లలో దొరుకుతోందో అడగాలి. 100 కొట్లలో 40 చోట్ల సరుకుంటే న్యూమరిక్ 40. షాంపూ అమ్మకాల్లో 70 శాతం ఆ 40 కొట్లదే అయితే వెయిటెడ్ 70. న్యూమరిక్ పెరిగి వెయిటెడ్ తగ్గిందంటే చిన్న కొట్లు చేరాయి, పెద్దవి జారిపోయాయి.

ఒక సరుకు మార్కెట్ ఎంతుంటుందో లెక్కేయమనే అంచనా ప్రశ్నల్లో ఫిల్టర్ కాఫీ పొడి మంచి ఉదాహరణ. బెంగళూరు జనాభా 1.4 కోట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే 35 లక్షల ఇళ్లు. సగం ఇళ్లలో నెలకి అరకిలో చొప్పున 875 టన్నులు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. దర్శినులు (నిలబడి తినే చిన్న హోటళ్లు), ఆఫీసు క్యాంటీన్లు కలపాలి. వీధి చివర మిల్లులో పట్టించుకునే విడి పొడి తీసేయాలి, ఎందుకంటే అది బ్రాండ్‌కి అందే మార్కెట్ కాదు. చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలిపిందా, లేనిదా అని కూడా అడగండి. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన.

ఆవకాయ బ్రాండ్‌ని ఇక్కడి తెలుగువాళ్లకు అమ్మమంటే పోటీదారుల పట్టికలో కంపెనీల పేర్లే రాస్తారు. వేసవి సెలవులకు వెళ్లి వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చే జాడీని మరిచిపోతారు. ఆ జాడీ ఎప్పుడు అడుగంటుతుందో లెక్కేస్తే ప్రచారానికి ఏ నెలలో ఖర్చు పెట్టాలో తేలుతుంది.

ఇంటర్వ్యూ ముందు వారం ఓ పది కొట్లు తిరగండి, సాయంత్రం రద్దీలో కాకుండా మధ్యాహ్నం మూడింటికి. ఎమ్మార్పీ, గ్రాములు, తయారీ నెల, కొట్టతనికిచ్చే స్కీము రాసుకోండి. తయారీ నెల బాగా పాతదైతే ఆ సరుకు అక్కడ కదలట్లేదని అర్థం. అడగడానికి మొహమాటమైతే ముందు ఒక సాషే కొనండి, కొట్టతను తనే మాట్లాడతాడు.