ముందుగా అందిన టికెట్టు డబ్బులు

హనుమకొండలో మన కళాశాల ప్రయోగశాలలో స్క్రూగేజీ పట్టడం నేర్చుకున్న నేను, ములుగు వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతూ, ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో విజ్ఞానశాస్త్ర బోధనపై జరిగిన సదస్సుకు వెళ్లి రాగలిగానంటే అందుకు మన పూర్వ విద్యార్థుల సంఘమే కారణం. ఆ సహాయం ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అందింది అన్నదే నాకు ముఖ్యం.

అమెరికా ప్రభుత్వ విద్యా సహాయ పథకమైన ఫుల్‌బ్రైట్ వారి ఉపాధ్యాయ కార్యక్రమం ఎంపికైన వారిని ఆరు వారాలు అమెరికా విశ్వవిద్యాలయంలో ఉంచి, రానుపోను ఖర్చులు భరిస్తుంది. కానీ ఆ అవకాశం దక్కేది కొద్దిమందికే. నాకు మంజూరైన వేరొక గ్రాంటు, తిరిగి వచ్చాక బోర్డింగ్ పాసులు, రసీదులు సమర్పిస్తేనే డబ్బు చెల్లించేది. ఇంటి అప్పు వాయిదాలు కట్టుకునే ఉపాధ్యాయుడు అంత సొమ్ము ముందుగా ఎక్కడి నుంచి తేగలడు? మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టాలని నిశ్చయించుకున్న వారంలోనే సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "తమ్మీ, టికెట్ పైసలు మేం ముందుగాల ఇస్తం, గ్రాంటు వచ్చినంక సంఘానికే కట్టు, ఇంకొకరికి పనికొస్తయి" అన్నారు.

లీడ్స్‌లో ఒక బడికి తీసుకెళ్లి తరగతి చూపించారు. టీచరమ్మ ప్రశ్న అడిగి మౌనంగా నిలబడింది. ఆ నిశ్శబ్దం నాకు ఇబ్బందిగా తోచినా, పిల్లలు చిన్న తెల్లపలకల మీద రాసి ఒక్కసారిగా పైకెత్తారు. ప్రశ్న తర్వాత ఉపాధ్యాయులు సాధారణంగా ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబుల తీరే మారుతుందనీ అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. శిక్షణ తరగతుల్లో విన్న మాటే అయినా, కళ్లారా చూశాకే నమ్మాను.

మా పిల్లలందరికీ రామప్ప గుడి శిఖరం ఇటుక నీళ్లలో తేలుతుందని తెలుసు. ఎందుకు తేలుతుందని అడిగి, ఏళ్ల తరబడి నేనే జవాబు చెప్పేసేవాణ్ణి. ఈసారి ఆగాను. వెనక బెంచీ అమ్మాయి, "లోపల గాలి సందులుంటయి సార్, అందుకే నీళ్లకన్న తేలిక" అంది. కుమ్మరి ఇంటి పిల్లవాడు వెంటనే, "మట్టిల ఊక కలిపి కాలిస్తే ఊక కాలిపోయి సందులు మిగుల్తయి సార్" అన్నాడు. ఆ రోజు నేను చెప్పిన పాఠం తక్కువ, విన్నది ఎక్కువ.

గ్రాంటు సొమ్ము చేతికందిన రోజే సంఘం ఖాతాలో జమ చేశాను. ఇప్పుడు అది జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతున్న మన పూర్వ విద్యార్థిని టికెట్టుకు వెళ్లింది.